గల్ఫ్‌కు వెళ్లే డ్రైవర్‌కు ఏ గేరు?

పిడుగురాళ్ల సున్నం లారీల మీదో, మిర్చి టిక్కీలు తోలే ట్రాలీ ఆటోల మీదో చెయ్యి తిరిగిన మన పిల్లలకు దుబాయ్ వెళ్లగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: లైసెన్సు ఆటోమేటిక్‌లో తీసుకోవాలా, మాన్యువల్‌లోనా? మన లైసెన్సు ఉన్నా అక్కడ పరీక్ష తప్పదు మరి.

ఆటోమేటిక్‌లో క్లచ్ ఉండదు, గేర్లు బండే మార్చుకుంటుంది. నేర్చుకోవడం తేలిక. అయితే ఆ బండి మీద పాసైతే లైసెన్సు దానికే పరిమితం. మాన్యువల్‌లో పాసైనవారు రెండూ నడపవచ్చు. బ్రిటన్‌లోనూ ఇదే నియమం. అక్కడ నివాసం మొదలైన 12 నెలల వరకే మన లైసెన్సు చెల్లుతుంది.

గల్ఫ్‌లో బండి రోడ్డుకు కుడివైపున నడపాలి. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి గేరు కుడిచేతికి వస్తుంది. పెడళ్లు మాత్రం మారవు, క్లచ్ ఎడమకాలికే. ఇక్కడ పదేళ్లు నడిపినవాడైనా కొన్నాళ్లు తడబడతాడు.

చదువుకో, ఆఫీసు ఉద్యోగానికో వెళ్లేవారికి ఆటోమేటిక్ చాలు. డ్రైవర్‌గానే బతకబోయేవాడు మాన్యువల్ తీసుకోవాలన్నది నా అభిప్రాయం. మాన్యువల్ వ్యాన్ ఇస్తామంటే చేతులు కట్టుకుని నిలబడకూడదు కదా! పరీక్ష తప్పితే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. తల్లి నగలు తాకట్టు పెట్టి వెళ్లినవాడికి అది పెద్ద దెబ్బ. వీసా ఖర్చుకు సాయపడే దాతలు ఈ లైసెన్సు ఖర్చు సంగతి కూడా ముందే అడగాలని మనవి.