రెక్కలు మనవి, ఇంజను పరాయిది

న్యూఢిల్లీ: భారత విమాన చోదకులు రెండు తరాలపాటు ఓనమాలు దిద్దుకున్నది ఒక చిన్న బ్రిటిష్ ఇంజను మీద. నాలుగు సిలిండర్లు, సుమారు 130 అశ్వశక్తి, గాలితోనే చల్లబడే ఏర్పాటు గల ఆ ఇంజను పేరు జిప్సీ మేజర్.

ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ డీ హావిలాండ్ కంపెనీకి రూపొందించిన జిప్సీ శ్రేణిలో ఇది 1932 నాటిది. ఇందులో క్రాంక్‌షాఫ్టు పైన, సిలిండర్లు క్రింద ఉంటాయి. తలక్రిందులైన ఈ అమరిక వల్ల పైలట్‌కు ముందుదారి అడ్డు లేకుండా కనిపిస్తుంది. అయితే ఆగి ఉన్నప్పుడు ఆయిల్ సిలిండర్లలోకి దిగే అవకాశం ఉన్నందున, ప్రారంభానికి ముందు మెకానిక్ ప్రొపెల్లర్‌ను చేతితో త్రిప్పి చూడవలసి ఉంటుంది. ఇటువంటి ఇంజన్లు 14 వేలకు పైగా తయారయ్యాయి.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చిన పస్ మాత్ విమానానిది కూడా జిప్సీ వంశమే. సరిగ్గా యాభై ఏళ్లకు, 78వ ఏట ఆయన అదే మార్గంలో నడిపిన లెపర్డ్ మాత్‌లో ఉన్నది జిప్సీ మేజర్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలోని ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాలలో అభ్యర్థులు తొలిసారి గాలిలోకి లేచిన టైగర్ మాత్ విమానాలకూ ఇదే ఇంజను.

స్వాతంత్ర్యానంతరం వి.ఎం. ఘాటగే నాయకత్వంలో బెంగుళూరులో రూపుదిద్దుకున్న శిక్షణ విమానం హెచ్‌టి-2 కూడా 1951 ఆగస్టు 5న తొలిసారి జిప్సీ మేజర్‌తోనే ఎగిరింది. ఉత్పత్తి దశలో దానికి మరో బ్రిటిష్ ఇంజను సిర్రస్ మేజర్‌ను అమర్చగా, అనంతర కాలంలో కొన్నింటికి అమెరికా లైకమింగ్ ఇంజన్లు వచ్చాయి. తరువాతి హెచ్‌పిటి-32కు కూడా లైకమింగే ఆధారమైంది. ఇంజను వైఫల్యాలతో పలు ప్రమాదాలు సంభవించిన మీదట 2009లో ఆ విమానాలను నేలకు పరిమితం చేశారు.

ఇంధనం విషయంలోనూ ఇదే పరిస్థితి కొనసాగింది. పిస్టన్ ఇంజన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్‌ను దేశం పూర్తిగా దిగుమతి చేసుకునేది. ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర రిఫైనరీలో దాని ఉత్పత్తి చేపట్టి 2022 సెప్టెంబరులో విడుదల చేయడంతో ఫ్లయింగ్ క్లబ్బులకు దేశీయ సరఫరా మార్గం ఏర్పడింది.

ఇంజను విషయంలో మాత్రం మార్పు స్వల్పమే. వైమానిక దళం కోసం 70 హెచ్‌టిటి-40 శిక్షణ విమానాల నిర్మాణానికి 2023లో ఒప్పందం కుదిరింది. పిస్టన్‌కు బదులు టర్బోప్రాప్ వచ్చినప్పటికీ, దాని తయారీదారు అమెరికాకు చెందిన హనీవెల్. విమానాన్ని తీర్చిదిద్దే నైపుణ్యం దేశానికి ఏడు దశాబ్దాల నాడే పట్టుబడింది. దానిని గాలిలోకి లేపే శక్తికి మాత్రం నేటికీ విదేశాల వైపు చూడవలసి వస్తోంది.