దాహమునకు లొంగిన దుర్గము

బాలలారా! విడపనకల్లునుండి తూర్పుగా గుంతకల్లు దాటి ప్రయాణించినచో గుత్తి పట్టణము వచ్చును. దానిచెంత చెట్టుచేమలు అరుదైన రాతికొండల గుంపు ఒకటి కలదు. ఆ కొండలలో మిక్కిలి ఎత్తైనదానిపై శిథిలమైన గుత్తికోట నిలిచియున్నది. అది చుట్టుపట్ల నేలకంటె సుమారు 300 మీటర్లు ఎత్తుగా నుండును.

ఈ కోట మిక్కిలి ప్రాచీనమైనది. 1076 మొదలు 1126 వరకు పాలించిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలపు శాసనములు ఇచట కలవు. విజయనగర ప్రభువైన బుక్కరాయల నాటి శాసనమొకటి దీనిని కోటలన్నిటికిని రాజుగా వర్ణించినది. పిదప ఇది గోల్కొండ సుల్తానులకును, మొగలులకును వశమయ్యెను. 18వ శతాబ్దమున మహారాష్ట్ర వీరుడైన మురారిరావు ఘోర్పడే దీనిని తన నివాసముగా చేసికొనెను. 1751లో ఆర్కాటు ముట్టడి సమయమున క్లైవునకు తోడుగా సేనలతో కదలినవాడు ఇతడే.

ఘోర్పడే అను ఇంటిపేరునకు ఒక కథ కలదు. మరాఠీలో 'ఘోర్పడ్' అనగా ఉడుము. ఆ వంశపు పూర్వుడొకడు ఉడుమునకు త్రాడు కట్టి, దాని పట్టు ఊతగా కోటగోడ నెక్కెనట! ఉడుముపట్టు అను మాట మనమును వాడుచుందుము గదా. గుత్తికోటపై కొండ అంచున ఒక చిన్న మండపము కలదు. దానిని మురారిరావు గద్దె యందురు. అచట కూర్చుండి ఆయన చదరంగ మాడెడివాడనియు, బందీలను అచటినుండియే లోయలోనికి త్రోయించెడివాడనియు చెప్పుకొందురు. వినువారికి ఒడలు గగుర్పొడుచు ఈ కథలను కథలుగానే గ్రహింపవలెను.

ఇక చరిత్ర వినుడు. 1775–76లో మైసూరు పాలకుడు హైదరాలీ గుత్తిని ముట్టడించెను. దిగువనున్న పేట అతని వశమైనది కాని, కొండపై కోట లొంగలేదు. ఫిరంగులకు అందని ఎత్తు, నిట్టనిలువు రాళ్లు దానికి రక్షణలు. అయితే ఆ కొండపై ఏరు లేదు, చెరువు లేదు. రాతిచీలికలకు అడ్డముగా కట్టలు కట్టి, వానలో బండలపైనుండి జారివచ్చు నీటిని అందు నిలువచేసెడివారు. ఆ నీరే సైనికులకు త్రాగునీరు. వాన లేక, శత్రువు దారి విడువక దినములు గడచుచుండగా ఆ దొనలు ఎండసాగెను.

మురారిరావు సంధి కోరెను. ధనమునకు హామీగా ఒక యువకుని హైదరు శిబిరమునకు పంపెను. హైదరు ఆ యువకుని ఆదరముగా మాటలలో పెట్టెననియు, కోటలో నీరు మూడు దినములకు మించి లేదను రహస్యము అతని నోట వెలువడెననియు తరువాతి చరిత్రకారులు వ్రాసిరి. హైదరు సంధిమాట విడిచి ముట్టడి బిగించెను. 1776లో కోట లొంగినది. మురారిరావు చెరపట్టబడి, ఆ చెరలోనే మరణించెను.

1800లో ఈ సీమ ఆంగ్లేయుల వశమయ్యెను. దీనిని 1807 వరకు కలెక్టరుగా పాలించిన థామస్ మన్రో స్కాట్లాండు దేశీయుడు. ఆ దేశమునను పాడుపడిన కోటలు పెక్కు కలవు. వానికిని వంశకథలు కలవు. మన్రో మద్రాసు గవర్నరై, 1827లో పర్యటనమున పత్తికొండవద్ద కలరా సోకి మరణించెను. అతనిని మొదట గుత్తికొండ క్రిందనే పూడ్చిరి; 1831లో ఆ అవశేషములను మద్రాసునకు చేర్చిరి. కలరా చెడునీటివలన వ్యాపించు వ్యాధి. నీరు లేక ఒక ప్రభువు రాజ్యము కోల్పోగా, మరియొక ప్రభువు ప్రాణము తీసినది కలుషిత జలముచే వ్యాపించు వ్యాధియే!

నేడు గుత్తికోట కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలో నున్నది. మీరు ఆ కొండ నెక్కినపుడు గద్దెను మాత్రమే చూచి మరలకుడు. రాతిదొనలయొద్ద కొంతతడవు నిలువుడు. మన సీమకు వాన తక్కువ. బిందెడు నీటికై మీ యింటివారు పడిన శ్రమ మీరెరుగుదురు. పడిన నీటిని నిలుపుకొన్నంతకాలమే ఆ కోట నిలిచినది. మన ఊరికిని అదియే న్యాయము. కావున ఊరిచెరువులో పూడిక తీయువారు కోటగోడ కట్టినవారికంటె తక్కువవారు కారని తెలిసికొనుడు.