కదలని కారు... కదిలించేదెలా?

కారు కొన్న రోజున కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పసుపూ కుంకుమా పెట్టి ఇంటికి తెచ్చుకుంటాం. అదే కారు ఇక కదలనని మొరాయించిన నాడు ఎలా సాగనంపాలో మాత్రం ఎవరూ చెప్పరు!

గుంటూరు జిల్లా నుంచి విడిపోయి 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వచ్చిన చెరుకుపల్లినే తీసుకోండి. ఇటు రేపల్లె, అటు బాపట్ల, పైన తెనాలి. చుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా గడ్డివాము పక్కనో, పాత పెంకుటింటి షెడ్డులోనో ఒక అంబాసిడరో, మారుతి 800 కారో దుమ్ము కొట్టుకుని కనిపిస్తూనే వుంటుంది. ఆ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో వుంటారు. ఇంటాయన వుంటే సరే, లేకపోతే ఆ కారుని మెకానిక్కు దగ్గరకో, కొన్నవాళ్ళకో పంపే బాధ్యత ఇల్లాలిదే. “అది మగవాళ్ళ పని” అని వదిలేస్తే కుదరదు. తాడు పట్టుకుని లాగక్కర్లేదు గానీ, పని సరిగ్గా జరుగుతోందో లేదో తెలుసుకుంటే చాలు. ఎందుకంటే ఏటవాలు బల్లల మీద నుంచి కారు వెనక్కి జారితే దెబ్బతినేది కారొక్కటే కాదు, దాని వెనక నిలబడ్డ మనిషి కూడా!

బరువెంత? ఎత్తెంత?

మన లెక్క ధాన్యం బస్తాల్లోనే చెప్పుకుందాం. బస్తా 75 కిలోలు. మారుతి 800 సుమారు తొమ్మిది బస్తాల బరువు, అంబాసిడర్ దాదాపు పదిహేను బస్తాలు.

మన వైపు చాలామంది ట్రాక్టరు ట్రక్కు తెచ్చి, రెండు చెక్కలు వేసి ఎక్కించేస్తామంటారు. ట్రక్కు నేల నుంచి మూడడుగుల ఎత్తు, చెక్కలు ఆరడుగులు అనుకోండి. ఎత్తు పొడవులో సగం కాబట్టి అంబాసిడర్ బరువులో సగం, అంటే ఏడున్నర బస్తాల బరువు లాగినట్టే. అదే చెక్కలు పన్నెండడుగులు వుంటే నాలుగో వంతు చాలు. అడుగున్నర ఎత్తుండే కార్ల ట్రైలరుకి తొమ్మిదడుగుల బల్లలు వేస్తే ఆరో వంతే, అంటే రెండున్నర బస్తాలు! టైర్లలో గాలి లేకపోతే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే “ఎంతమంది వస్తారు?” అని కాదు, “బల్లలు ఎంత పొడుగు?” అని ముందు అడగండి. నిటారుగా వుంటే కారు అడుగు భాగం కూడా అంచుకి రాసుకుంటుంది.

పొడుగు బల్లలు దొరక్కపోతే, రోడ్డు ఎత్తుగానూ పక్క స్థలం పల్లంగానూ వున్నచోట ట్రక్కుని పల్లంలో గట్టి నేలమీద నిలపమనండి. ఎత్తు సగానికి సగం తగ్గిపోతుంది. అన్నిటికన్నా హాయి, వెనక బల్ల కిందకి వాలి, వించితో కారుని పైకి లాక్కునే రికవరీ బండి. అద్దె కాస్త ఎక్కువే, కానీ ప్రాణాలతో చెలగాటం వుండదు.

ముందురోజు చూసుకోవలసినవి

నెలల తరబడి కదలని కారు బానెట్టు కింద ఎలుకలు, కందిరీగలు, ఒక్కోసారి పాములు కూడా కాపురం పెడతాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి.

తాళం చెవి దొరకాలి. తాళం తిప్పి స్టీరింగు లాకు తియ్యకపోతే చక్రాలు తిరగవు, కారు బల్లల మీదకి సూటిగా రాదు.

నాలుగు టైర్లకీ గాలి కొట్టించండి. సముద్రపు గాలి తగిలే నిజాంపట్నం వైపు బ్రేకులు తుప్పుపట్టి బిగుసుకుపోవడం మామూలే. సమతలం మీద ముందుకీ వెనక్కీ నాలుగడుగులు నెట్టించి చూస్తే సంగతి తెలిసిపోతుంది. చక్రం తిరగకపోతే మెకానిక్కుని పిలవాలి గానీ మోటుగా లాగించకూడదు.

డాష్‌బోర్డు అరలో, సీట్ల కింద, డిక్కీలో వెతకండి. ఆర్.సి. పుస్తకం, పాత రశీదులు, తాళాలు అక్కడే వుంటాయి. కారు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

ఎక్కించేటప్పుడు

ట్రైలరు ట్రాక్టరుకో జీపుకో తగిలించే వుండాలి. విడిగా నిలబెట్టిన ట్రైలరు మీదకి కారెక్కిస్తే వెనక్కి తిరగబడుతుంది. లాగే బండికి హ్యాండు బ్రేకు వేసి, చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టించండి.

వించి కొక్కెం కారుకి వుండే టోయింగ్ హుక్కుకే తగిలించాలి. బంపరుకి కడితే బంపరే ఊడొస్తుంది. లాగేటప్పుడు తీగకి దగ్గరగా ఎవరూ వుండకూడదు. తెగితే కొరడాలా కొడుతుంది.

కారు వెనక ఎవరూ నిలబడకూడదు. ఇంజను ఆగివున్న కారుకి బ్రేకు సాయం అందదు, పెడలు రాయిలా గట్టిగా వుంటుంది. స్టీరింగూ అంతే. “లోపల మనవాడు కూర్చుని బ్రేకు తొక్కుతాడు” అన్న ధీమా పనికిరాదు. ఒకరు పక్కన నడుస్తూ, చక్రం జానెడు కదిలినప్పుడల్లా పొడుగాటి పిడి వున్న అడ్డుచెక్కని వెనక జరుపుతూ వుండాలి. పిల్లల్ని గేటు లోపలే వుంచండి. ఇక మాట చెప్పేవారు ఒక్కరే వుండాలి. నలుగురూ “లాగు, ఆపు” అని అరిస్తే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇంజను ముందుండే కారైతే ముఖం ట్రాక్టరు వైపు వుండేలా ఎక్కించాలి. రెండు చక్రాల ట్రైలరులో బరువు వెనక్కి పడితే దారిలో బండి అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కాక గేరులో వుంచి, హ్యాండు బ్రేకు వేసి, నాలుగు మూలలా రాచెట్ బెల్టులతో బిగించాలి. కొబ్బరితాడు, నైలాను తాడు చాలవు. నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక ఆపి మళ్ళీ బిగింపు చూసుకోమని డ్రైవరుకి గట్టిగా చెప్పండి.

ఆటోమేటిక్ గేరు కార్లని, కరెంటు కార్లని నాలుగు చక్రాలూ నేలమీద వుంచి తాడు కట్టి లాక్కెళ్ళకూడదు. వాటికి ట్రైలరే దారి.

వరదలో మునిగిన కారా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో వుండిపోయింది. అలాంటప్పుడు “ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం” అన్న ఆత్రమే కొంప ముంచుతుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. ఇంజనులో నీరుండగా తాళం తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఆ నష్టం ఇవ్వమని బీమావాళ్ళు అనే వీలుంది, ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ తీసుకుంటే తప్ప. ఇక థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే వుంటే మన కారు నష్టానికి ఏమీ రాదు. కాబట్టి తాళం ముట్టుకోకుండా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి ఫోను చేసి, ట్రైలరు మీదే పంపించండి.

కాగితాల సంగతి

కారు భర్త పేరున వుండి ఆయన పోతే, 30 రోజుల్లోగా రవాణా శాఖకి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకి దరఖాస్తు చేసుకోవాలి. దుఃఖంలో ఈ గడువులు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి! ఆలస్యమైనా సరే, మీ పేరుకి మార్చుకున్నాకే అమ్మండి. ఆర్.సి. మారకుండా కారు చేతులు మారితే, రేపు దానితో ఎవరేం చేసినా నోటీసు వచ్చేది మీ ఇంటికే.

తుక్కుకి ఇచ్చేట్లయితే 2021 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆర్.సి. రద్దు చేయించడం మరిచిపోవద్దు.

ట్రైలరు కదిలేముందు బండి నంబరు, డ్రైవరు పేరు, ఫోను నంబరు, ఎక్కడికి తీసుకెళ్తున్నదీ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. “మా మీద నమ్మకం లేదా అమ్మా?” అంటారు. “నమ్మకం వుంది బాబూ, కాగితం కూడా వుండాలి” అని నవ్వుతూనే చెప్పండి.