ఒక నొక్కునకు ఒక్క గుండు

2023 వ సంవత్సరమున చీనా దేశమందలి హాంగ్జౌ నగరములో ఆసియా క్రీడలు జరిగినప్పుడు, హైదరాబాదు వాస్తవ్యురాలగు ఈషా సింగ్ అను పదునెనిమిదేండ్ల యువతి 25 మీటర్ల పిస్తోలు పందెమున జట్టుతో కలిసి స్వర్ణ పతకమును, తానొక్కతెగా రజత పతకమును గెలిచెను. ఆ పందెపు విశేషములు వినిన విద్యార్థులు కొందరు ఒక ప్రశ్న వేసిరి. ఆ పిస్తోలులో ఒక్కమారే ఐదు తూటాలు నింపుదురు గదా. మీటను నొక్కి అట్లే పట్టుకొన్నను ఒక్కటి మాత్రమే ప్రేలి, తక్కిన నాలుగును ఊరకుండుటకు కారణమేమి? తుపాకి యెట్లు ప్రేలునని యెల్లరు నడుగుదురు గాని, ప్రేలక యెట్లు ఆగునని యడుగువారు అరుదు. లోపలి యంత్రమునందలి నేర్పంతయు ఈ రెండవ ప్రశ్నలోనే యిమిడియున్నది.

తుపాకి యన్నంతనే కొల్లేటి సీమవారికి పక్షుల వేట జ్ఞప్తికి వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలనను, 1999 లో కొల్లేరు అభయారణ్యముగ ప్రకటింపబడుట వలనను అది నేడు శిక్షార్హమగు నేరము. ఆ పాత నాటు తుపాకిలో మందును గుండును గొట్టపు మూతినుండి దట్టించి, పిమ్మట గుర్రమును బొటనవ్రేలితో వెనుకకు లాగి నిలుపవలెను. గుర్రమనగా తుపాకి వెనుకనుండు సుత్తి. మన పెద్దలు పెట్టిన యీ పేరు నాకు మిక్కిలి యింపుగ తోచును. ఒక దెబ్బ యైన తరువాత పని యంతయు మరల మొదటికి వచ్చును. కావున రెండవ గుండు తనంత తానే ప్రేలునను భయము అందు లేదు. సెమీ ఆటోమేటిక్ పిస్తోలు సంగతి వేరు. అందు తూటాను ఎక్కించుట, గుర్రమును వెనుకకు నిలుపుట అను రెండు పనులను మొదటి ప్రేలుడే చేసిపెట్టును. కనుకనే ఆపుటకు ప్రత్యేకముగ ఏర్పాటు కావలసివచ్చెను.

పిడిలో గట్టి స్ప్రింగు ఒకటి గుర్రమును ఎల్లప్పుడును ముందునకు త్రోయుచుండును. గుర్రము ముందునకు పడినచో ఫైరింగు పిన్ను అను సన్నని మేకును కొట్టును. ఆ మేకు తూటా అడుగుభాగమును పొడుచును. పందెములలో వాడు 5.6 మిల్లీమీటర్ల తూటాకు నిప్పంటించు మందు అడుగున అంచు చుట్టును ఉండును గనుక మేకు ఆ అంచుననే తగులును. ఇట్లు పడుటకు సిద్ధముగనున్న గుర్రమును ఆపి యుంచునది సియరు అను చిన్న ఉక్కు తునక. దాని కొన గుర్రపు మొదటనున్న గంటులో దూరి నిలుచును. ఈ రెండును ఒకదానినొకటి ఆనుకొను మేర సాధారణముగ ఒక మిల్లీమీటరైనను ఉండదు! ప్రేలుటకును ప్రేలకుండుటకును మధ్యనున్న దూరము అంతియే.

అంత గట్టి స్ప్రింగును ఒక వ్రేలు ఎట్లు జయించుచున్నదని సందేహము కలుగవచ్చును. వ్రేలు స్ప్రింగుతో పెనగులాడుట లేదు. ధాన్యపు బస్తాలు వేసిన బండి నొగ క్రింద ఒక కర్రను ఆనించి యుంచిరనుకొనుడు. ఆ నొగను ఎత్తలేని బాలుడు సైతము ఆ కర్రను ప్రక్కకు తన్నివేయగలడు. వానికి అడ్డము వచ్చునది బండి బరువు కాదు. కర్ర కొనయొద్ద కలుగు రాపిడి మాత్రమే. పిస్తోలు మీట చేయునదియు ఇదియే. అది ఒక కమ్మీ ద్వారా సియరును నెట్టి, దాని కొనను గంటునుండి తప్పించును. తక్కిన పని స్ప్రింగుది. అందుచేతనే గంటు తలమును అద్దమువలె నునుపు చేయుదురు. తలము గరుకైనచో మీట ఆగి యాగి కదలును, ఆ కుదుపునకు గురి తప్పును. మిక్కిలి తేలికగ వదలు మీటయు అపాయమే. కాబట్టి 25 మీటర్ల పందెమున, వెయ్యి గ్రాముల కంటె తక్కువ బలమునకు మీట లొంగరాదని అంతర్జాతీయ నియమము. పిస్తోలును గొట్టము మీదికి వచ్చునట్లు నిలువుగా పట్టి, మీటకు వెయ్యి గ్రాముల తూకపురాయిని తగిలించి పరీక్షింతురు. సుమారొక కిలో పంచదార పొట్లపు బరువన్నమాట.

దీపావళికి పిల్లలు కొను రీళ్ల తుపాకిని చూచినవారికి భేదము తేటపడును. అందు మీటను నొక్కుచుండగా గుర్రము మెల్లగా వెనుకకు లేచి, కొసకు వచ్చి జారిపడును. లేపుటయు విడుచుటయు వ్రేలి పనియే. మనము చెప్పుకొనుచున్న పిస్తోలులో వ్రేలికి విడుచుట యొక్కటే పని.

ఇక అసలు సంగతి. తూటా ప్రేలగనే గుండు ముందునకును, పైనున్న స్లైడు అను ఉక్కు భాగము వెనుకకును పోవును. స్లైడు వెనుకకు పోవుచు ఖాళీ తూటాను వెలికి విసరి, గుర్రమును అణచును. మరియొక స్ప్రింగు త్రోయగా ముందునకు వచ్చుచు మేగజీనులోని క్రొత్త తూటాను గొట్టములోనికి తోయును. (మేగజీనను మాట కొట్టు, గిడ్డంగి అను అర్థము గల అరబ్బీ పదమునుండి పుట్టినది. తూటాల అరకును మీ చేతనున్న యీ సంచికకును ఒకటే పేరు వచ్చుట అందువలననే.) ఇదంతయు రెప్పపాటు కంటె త్వరగా ముగియును. అప్పటికి వ్రేలు మీట మీదనే, నొక్కిన నొక్కుగనే యుండును. మీటకును సియరునకును అప్పుడును సంబంధముండినచో సియరు గుర్రమును పట్టుకొనజాలదు. గుర్రము స్లైడు వెంటనే పడిపోవును, లేదా రెండవ గుండు, మూడవ గుండు వరుసగా ప్రేలిపోవును.

ఈ చిక్కును విడదీయునది డిస్కనెక్టరు, అనగా సంబంధమును తెంపునది. జాన్ మోజెస్ బ్రౌనింగు అను అమెరికా దేశీయుడు రూపించిన పిస్తోలును 1911 లో ఆ దేశపు సైన్యము స్వీకరించెను. దానిలో నీ భాగము మీటకును సియరునకును నడుమ నిలుచు చిన్న ఉక్కు పలక. మీట దానిని నెట్టును, అది సియరును నెట్టును. దాని తల స్లైడు అడుగున తొలిచిన పల్లములో నుండును. స్లైడు వెనుకకు కదలగనే పల్లము తప్పిపోయి, స్లైడు అడుగు ఆ తలను క్రిందికి అణచును. తోడనే మీట త్రోపు సియరునకు అందకుండ పోవును. సియరు తన స్ప్రింగు బలముచే మరల గుర్రపు గంటులో దూరును. స్లైడు యథాస్థానమునకు వచ్చినను, మీట వెనుకనే యున్నంతవరకు డిస్కనెక్టరు పైకి లేవజాలదు. వ్రేలిని సడలించి మీటను ముందునకు పోనిచ్చినప్పుడే అది లేచి తన చోట నిలుచును. అప్పటి నొక్కే రెండవ నొక్కు.

పూర్వము ఒంటి లైను రైలుదారులలో పెక్కింట నిట్టి కట్టుబాటే యుండెడిది. స్టేషను మాస్టరు యంత్రమునుండి ఒక లోహపు గోళమును తీసి డ్రైవరున కిచ్చెడివాడు. అది ముందరి స్టేషను యంత్రములో పడువరకు వెనుక స్టేషనులో రెండవ గోళము వెలికి రాదు. ఎంత తొందరపడినను రాదు. గుడివాడ–భీమవరము దారి జంట లైను కాకమునుపు మండవల్లిలో పెరిగిన పెద్దలు, ఎదురు బండి వచ్చువరకు స్టేషనులో కాచుకొనుట బాగుగ నెరుగుదురు.

డిస్కనెక్టరు వలన మరియొక ప్రయోజనము కలదు. దుమ్ము చేతనో, తూటా సరిగా ఎక్కకపోవుట చేతనో స్లైడు పూర్తిగా మూసికొననిచో దాని తల పల్లములోనికి చేరదు. మీట నొక్కినను గుర్రము పడదు. మూతపడని తూటా ప్రేలినచో కాల్చువాని చేతికిని ముఖమునకును గాయములగును గదా! భాగముల అమరిక అన్ని పిస్తోళ్లయందును ఒకటే కాదు. బ్రౌనింగు 1926 లో మరణించిన పిదప బెల్జియములో ముగింపబడి 1935 నాటిదిగ పేరొందిన నమూనాలో, సియరును నొక్కు చిన్న మీట స్లైడులోనే యుండి దానితోపాటు వెనుకకు తొలగిపోవును. బెంగాలునందలి ఈషాపూరు రైఫిలు కర్మాగారమున మన దేశపు సైన్యమునకును పోలీసులకును చేసిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు ఈ నమూనాపైననే చేయబడినది.

ఉక్కైనను అరుగును. సియరు కొన అరిగినచో, స్లైడు మూసికొనునప్పటి కుదుపునకే గుర్రము జారవచ్చును. అప్పుడు ఒక నొక్కునకు రెండు గుండ్లు పోవును. పందెపు రెండవ భాగమున గురిపలక మూడు సెకనులు మాత్రమే కాల్చుటకు అనువుగ నుండి, ఏడు సెకనులు మరుగగును. కనబడిన ప్రతిమారును ఒక్క గుండే కాల్చవలెను. నడుమ చేతిని దించి యుంచవలెను. ఐదును కాల్చిన పిమ్మట మేగజీనును ఊడదీసి, స్లైడును వెనుకకు నిలిపి, తూటాయుండు గదిలో నారింజవంటి కొట్టవచ్చిన రంగు గల సన్నని పుల్లను దూర్చుదురు. ఆ పుల్ల బయటికి కనబడుచున్నంతసేపు స్లైడు మూసికొనదు. గదిలో తూటాకు చోటును ఉండదు.