ఖాళీ పక్కే చంటిపిల్లకి హాయి

ఏమ్మా అమ్ములూ, ఫోన్లో లిస్టు ఇంకా పెరుగుతూనే ఉందా? బేబీ బెడ్ సెట్టు, బుజ్జి దిండు, అటొకటి ఇటొకటి బాలీసులు, బొచ్చు దుప్పటి, కుందేలు బొమ్మ. పుట్టేది మే నెలలో, ఉండేది బెజవాడలో. బొచ్చు దుప్పటి ఎవరికమ్మా, కుందేలుకా?

కొనొద్దనటం లేదు. కాస్త కూర్చుని విను. చంటిపిల్ల పక్క గట్టిగా ఉండాలి, బల్లపరుపుగా ఉండాలి, ఖాళీగా ఉండాలి. ఈ మూడోదే ఏ కొట్టువాడూ చెప్పడు. ఖాళీని అమ్ముకోలేడు కదా!

మనం పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం ఉంటుంది. వదిలే గాలిలో సుమారు 4 శాతం, అంటే వంద రెట్లు. నీకో నాకో నిద్రలో ముక్కు దిండులో కూరుకుపోతే తెలియకుండానే తల తిప్పేసుకుంటాం. మెడ నిలవని పిల్లకి ఆ శక్తి చాలదు. కొందరు పసివాళ్ళలో ఊపిరాడనప్పుడు మెలకువ తెప్పించే ఏర్పాటు కూడా ఇంకా కుదురుకుని ఉండదు. మెత్తటి దిండులో ముఖం చుట్టూ గుంట పడితే వదిలిన గాలి అక్కడే నిలుస్తుంది. పిల్ల దాన్నే మళ్ళీ పీలుస్తుంది. కొట్లో పరుపు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కి తీసి చూడు. గుంట వెంటనే పూడిపోవాలి. చేతి అచ్చు కాసేపు అలాగే ఉండిపోతే, అది ఎంత ఖరీదైనదైనా అక్కడే వదిలేసి రా.

అమెరికాలో 2022లో చట్టమే చేశారు. తొట్టి చుట్టూ కట్టే దూది బాలీసులు, పది డిగ్రీలు దాటి ఏటవాలుగా ఉండే పసిపిల్లల పక్కలు అక్కడ అమ్మకూడదు. మన దగ్గరేమో అటూ ఇటూ బాలీసులు లేనిదే సెట్టు అనిపించుకోదు!

ఇక పడుకోబెట్టడం. మనవాళ్ళు తరతరాలుగా ఉయ్యాల్లో వెల్లకిలానే వేశారు. పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి పేరుపొందిన అమెరికన్ డాక్టరు బెంజమిన్ స్పాక్, 1950ల్లో బోర్లా వేయమన్నాడు. వాంతి చేసుకుంటే గొంతుకి అడ్డం పడుతుందని ఆయన భయం. నిజానికి జరిగేది దానికి ఎదురు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైనా, అన్నవాహిక కిందా ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలో పడాలంటే ఎగువకెక్కాలి. బోర్లా వేస్తే గాలిగొట్టమే కిందికొస్తుంది, పాలకి దారి పల్లం. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూవాడా ప్రచారం చేశారు. కొన్నేళ్ళలోనే నిద్రలో పోయే పసివాళ్ళ సంఖ్య అమెరికాలో సగానికీ, బ్రిటన్‌లో అంతకన్నా బాగా కిందికీ దిగింది. మందు లేదు, మిషను లేదు, తిప్పి పడుకోబెట్టారు, అంతే.

మీ అమ్మమ్మ అప్పుడే ఆవాల దిండు కుట్టడానికి గుడ్డ వెతుకుతోంది. తల గుండ్రంగా రావాలట. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు, మాడు పూడటానికి ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. కాబట్టి ఒకే వైపు ఒత్తిడి పడితే తల చదునవుతుందన్న మాట నిజమే. దానికి దిండు అక్కర్లేదు. ఓ పూట కుడికి, ఓ పూట ఎడమకి తల తిప్పి పడుకోబెట్టు. మేలుకుని ఉన్నప్పుడు, నువ్వు ఎదురుగా కూర్చుని, కాసేపు బోర్లా వేసి ఆడించు. మెడకీ బలం వస్తుంది. ఈ మాట అమ్మమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే ఎలాగూ చెల్లదు.

చీర ఉయ్యాల కట్టమంటావా? కడతాను, నాకూ సరదానే. దూలానికి రెండు మీటర్ల కిందికి వేలాడితే ఒక ఊపు అటు వెళ్ళి ఇటు రావడానికి 2.8 సెకన్లు పడుతుంది. అర మీటరు పొడవున్న బుల్లి ఉయ్యాలైతే 1.4 సెకన్లే. పొడవు నాలుగో వంతైతే సమయం సగమౌతుంది. తమాషా ఏమిటంటే, పిల్ల మూడు కిలోలున్నా ఆరు కిలోలున్నా ఊపు వేగం మారదు. లెక్కలో బరువు లేనే లేదు.

అయితే చీరలో పిల్ల ముడుచుకుని గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. పుట్టినపిల్ల గాలిగొట్టం కొబ్బరిబొండంలో వేసే స్ట్రా కంటే సన్నం. ప్వాజెయ్ అనే ఫ్రెంచి డాక్టరు సన్నటి గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో 1840ల్లో లెక్క తేల్చాడు. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే అడ్డు రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు పెరుగుతుంది. సాఫీగా సాగే గాలికీ అదే లెక్క. మెడ కొద్దిగా వంగితేనే చంటిపిల్లకి ఎందుకు కష్టమో ఇప్పుడు తెలిసిందా? పక్కన మనిషి ఉండి ఊపుతున్నంతసేపే ఉయ్యాల. నిద్రపట్టగానే తీసి పక్క మీద వెయ్యి. ప్రయాణం అయిపోగానే కారు సీటుకీ ఇదే వర్తిస్తుంది. ఎదిగిన పిల్లల్ని మాత్రం చీర ఉయ్యాలతో ఒంటరిగా ఆడుకోనివ్వకు, మెడకి మెలిపడుతుంది.

రాత్రిళ్ళు పిల్ల నీ గదిలోనే, నీ చెయ్యందే దూరంలో, వేరే పక్క మీద ఉండాలి. తొట్టి కొంటే కమ్మీల మధ్య ఖాళీ ఆరు సెంటీమీటర్లు దాటకూడదు, పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్ళు దూరకూడదు. తొట్టి లేకపోయినా కొంప మునగదు. నేల మీద చాప, దాని మీద బిగుతుగా మడిచిన బొంత, రబ్బరు షీటు, పైన ముడతల్లేని నూలుగుడ్డ. నులకమంచం మీద పక్కలో వేసుకోవడం మాత్రం వద్దు. మధ్యలో పల్లమై పిల్ల దొర్లి నీ కిందికొస్తుంది. సోఫాలో పిల్లని పొట్టమీద వేసుకుని కునుకు తీయడం ఇంకా ప్రమాదం, మీ ఆయనకీ చెప్పు.

గుడ్డలు కొనేముందు ఓ పని చెయ్యి. కొత్త తువ్వాలు మీద ఒక నీటి చుక్క, నా పాత పంచె మీద ఒక చుక్క వేసి చూడు. కొత్తదాని మీద చుక్క కాసేపు పూసలా నిలబడుతుంది, పంచె వెంటనే తాగేస్తుంది. నూలు పోగుకి నీరంటే ఇష్టమే, కానీ మిల్లులో పట్టించిన గంజీ, మెరుపు కోసం వేసిన మందులూ అడ్డం పడతాయి. ఉతికిన కొద్దీ అవి పోతాయి. పొత్తిగుడ్డలకి పాత పంచెలు, పాత నూలు చీరలు వెతికిన ముసలమ్మలు పిసినారులేం కాదు. కొత్తవైనా రెండుమూడు సార్లు ఉతికి ఎండలో ఆరేశాకే వాడు.

పుట్టినపిల్లకి బరువుతో పోలిస్తే చర్మం మనకన్నా రెండున్నర రెట్లు. అందుకే త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది కూడా. మన పురిటిగదుల్లో మొదటిదే గుర్తుంటుంది. రోహిణి కార్తెలో కిటికీలు మూసి, తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు! చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకు, అది మామూలే. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు. చెమటగా ఉంటే ఒక పొర తీసెయ్యి. ఆ ఎండల్లో పలచటి జుబ్బా ఒకటి చాలు. నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువైనా డాక్టరమ్మ మాటే మాట.

ఇవి పోగా కావలసింది దోమతెర. పక్కకి హంగులేం అక్కర్లేదనడానికి ఒకటి చెబుతాను విను. ఫిన్లాండులో 1938 నుంచి తల్లులకి ప్రభుత్వం ఒక అట్టపెట్టె ఇస్తోంది. గుడ్డలన్నీ బయటికి తీస్తే అడుగున చిన్న పరుపు, ఆ పెట్టే పిల్ల పక్క. తెలంగాణలో బాలింతలకి 2017లో ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లోనూ పిల్ల పరుపూ దోమతెరా పెట్టారు. పౌడరు డబ్బా లిస్టులోంచి కొట్టెయ్యి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళోశాక సాంబ్రాణి పొగా అంతే. వాసన ఇంట్లోవాళ్ళకి, పొగ పిల్లకి. కావాలంటే దేవుడి గదిలో వేసుకోండి.

పొత్తిగుడ్డ చుట్టేటప్పుడు చేతుల దగ్గర ఒద్దికగా, తుంటి దగ్గర వదులుగా ఉంచు. కాళ్ళు చాపి బిగిస్తే తుంటి కీలు తప్పవచ్చు. నాలుగో నెలకో ఐదో నెలకో బోర్లా పడితే మీ అమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచుతుంది. నువ్వు మాత్రం బొబ్బట్ల దాకా ఆగకు. పిల్ల పక్కకి ఒరగడం మొదలుపెట్టగానే చుట్టడం మానెయ్యి, బోర్లా తిరిగితే లేవడానికి చేతులు కావాలి. వెల్లకిలానే వెయ్యి. అటూ ఇటూ తిరగడం బాగా వచ్చాక తనంతట తాను నిద్రలో తిరిగితే మాత్రం, రాత్రంతా మేలుకుని మళ్ళీ మళ్ళీ తిప్పక్కర్లేదు.