ఒక సీటు.. ఇద్దరు ప్రయాణికులు!

సంక్రాంతికి వారం ముందు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో ఒకే ఒక్క సీటు మిగిలింది. కూకట్‌పల్లిలో ఒకరు, మియాపూర్‌లో ఇంకొకరు ఒకే క్షణంలో దాని మీద నొక్కారు. టికెట్ ఎవరికి రావాలి?

ఆన్‌లైన్ ట్రావెల్ సంస్థలో ఫుల్ స్టాక్ ఇంజినీర్ ఏం చేస్తాడని జూనియర్లు అడిగితే, నేను ముందు ఈ ప్రశ్నే వేస్తా.

పని ఏంటి?

మీ ఫోన్లో కనిపించే సీట్ల బొమ్మ, పేమెంట్ పేజీ.. ఇదంతా ఫ్రంట్ ఎండ్. జావాస్క్రిప్ట్, రియాక్ట్ లాంటివి ఇక్కడ వాడతారు. సీటు ఖాళీగా ఉందా, ధర ఎంత, డబ్బు వచ్చిందా అని చూసుకునేది బ్యాక్ ఎండ్. ఇక్కడ జావా, నోడ్, పైథాన్ ఎక్కువ. వీటి వెనక డేటాబేస్. ఫుల్ స్టాక్ అంటే అన్నింట్లో పండితుడని కాదు. ఒక ఫీచర్‌ని స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా తానే నడిపించగలిగినవాడు.

ఈ రంగంలో అసలు చిక్కేంటంటే, అమ్మే సీట్లు మనవి కావు. బస్సు ఆపరేటర్‌వో, విమాన సంస్థవో. సెర్చ్‌లో చూపించిన ధర పేమెంట్ దగ్గరికి వచ్చేసరికి మారిపోవచ్చు. అందుకే డబ్బు తీసుకునే ముందు మరోసారి సరిచూడాలి. 2005 దీపావళికి బెంగళూరులో బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామ పడ్డ ఇబ్బందే మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టడానికి దారితీసింది. ఇక్కడ ప్రతి కోడ్ వెనకా ఊరెళ్లాల్సిన మనిషి ఉంటాడు.

నా తప్పు

అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, సీటు ఖాళీయా అని ముందు చూసి, తర్వాత విడిగా బుక్ చేసేలా కోడ్ రాశా. టెస్టింగ్‌లో నొక్కింది నేనొక్కడినే కాబట్టి బ్రహ్మాండంగా నడిచింది. పండగ రద్దీలో ఆ రెండు పనుల మధ్య సందులో ఇంకొకరు దూరారు. రాత్రి కస్టమర్ కేర్ నుంచి ఫోన్: "తమ్ముడూ, ఇద్దరి దగ్గరా టికెట్ ఉంది. ఎవర్ని దింపమంటావ్?" నా దగ్గర జవాబు లేదు. డబ్బు వాపసు ఇచ్చాం కానీ, ఆ రాత్రి ఒకాయన ఊరెళ్లలేకపోయాడు.

పరిష్కారం చిన్నదే. ఒకే ట్రిప్పు, ఒకే సీటుకు రెండు బుకింగులు పడకుండా డేటాబేస్‌లోనే యునీక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాం. రెండో రికార్డును డేటాబేసే తిప్పి పంపేస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

ఫ్రేమ్‌వర్కుల వెంట పరుగెత్తే ముందు జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకోండి. తర్వాత చిన్న బస్ బుకింగ్ సైట్ కట్టి, దాన్ని మీరే పడగొట్టడానికి చూడండి:

* రెండు బ్రౌజర్లలో ఒకే సీటును ఒకేసారి నొక్కండి. ఒకరికే దక్కుతోందా?
* పేమెంట్ మధ్యలో పేజీ మూసేయండి. కొన్ని నిమిషాలకు సీటు మళ్లీ ఖాళీ అవుతోందా?
* పే బటన్ రెండుసార్లు నొక్కండి. డబ్బు ఒక్కసారే కట్ అవుతోందా? దీన్నే ఐడెంపొటెన్సీ అంటారు. ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు.
* రాత్రి 11.50కి బయల్దేరే బస్సు ఏ తేదీన చేరుతుందని చూపిస్తోంది?

కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టండి. ఏది పగిలింది, ఎలా సరిచేశారో రీడ్‌మీలో రాయండి. పది కోర్సుల సర్టిఫికెట్ల కన్నా ఆ ఒక్క పేజీ మీ గురించి ఎక్కువ చెబుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. అందరూ పండక్కి ఊరెళ్తుంటే మీరు ల్యాప్‌టాప్ ముందు ఆన్‌కాల్‌లో ఉండాల్సి రావచ్చు. నేను రెండు సంక్రాంతులు అలాగే గడిపా. కాకపోతే ఆ రాత్రులు ఎవర్నీ బస్సు దింపాల్సిన పని రాలేదు.