క్రొత్తగా కొన్న గుఱ్ఱమును జీనునకు మచ్చిక చేయుట

నేడు పొలమునకు గుఱ్ఱమెక్కి పోవు రైతు అరుదు. అయినను పాడేరు ప్రాంతపు కొండపల్లెలలో సంతసరకులు మోయుటకును, పట్టణములలో పెండ్లి యూరేగింపులకును గుఱ్ఱములను పోషించువారు కలరు. కొనునపుడు వెల, రంగు, సుడులు విచారింతురు గాని, అది అంతకుముందేమి నేర్చినదో పెక్కుమంది విచారింపరు. పిమ్మట అది జీను వేయగనే ఎగిరిపడుట చూచి, పొగరుబోతని సగము వెలకు తెగనమ్ముదురు. అప్పు చేసి కొన్నవానికి గుఱ్ఱము పోయినను బాకీ నిలుచును.

అంబర్‌పేటకు మూసీనది ఆవలియొడ్డున మలక్‌పేట పందెపు మైదానము కలదు. 1886లో ఆఱవ నిజాము కాలమున పందెములు మౌలాలినుండి అచ్చటికి మాఱినవి. పందెపుగుఱ్ఱమునకు రెండేండ్ల ప్రాయముననే పరుగు నేర్పుదురు. పగ్గములు బిగిసినకొలది వానిపై ఆని ముందునకు దూకుట దానికి అలవాటగును. అట్టి గుఱ్ఱమును కొన్నవాడు భయపడి పగ్గములు లాగినచో, అది నిలువక మఱింత దౌడు తీయును. అది మొండితనము కాదు, నేర్చిన విద్య.

మొదట నొప్పి యున్నదేమో చూడవలెను. మూపుమీద, వెన్నుమీద వ్రేళ్ళతో నొక్కినపుడు గుఱ్ఱము ముడుచుకొన్నచో జీను ఒరయుచున్నదని తెలిసికొనుడు. ముందరి పాలపండ్లు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర యేండ్లకు జతలుజతలుగా ఊడును. ఆ దినములలో నోరు పుండువలె నుండును గనుక కళ్ళెమునకు తల విదలించుట సహజము. డెక్కలను, లాడములనుగూడ పరీక్షింపవలెను.

రెండవది మేత. పని లేక నిలిచియున్న గుఱ్ఱమునకు దాణా మెండుగా పెట్టుటయే అల్లరికి మూలము. నాలుగువందల కిలోల గుఱ్ఱమునకు దినమునకు 6 మొదలు 8 కిలోల ఎండుగడ్డి ముఖ్యాహారము. ఉలవలు, జొన్నలు పనిని బట్టియే పెట్టవలెను. పాత మేతను ఒక్కసారిగా మార్చిన శూల పుట్టును. వారము పదిదినములలో క్రమముగా మార్పుడు. లాయములో కట్టివేయక ప్రతిదినము తిరుగనీయుడు.

పిమ్మట శిక్షణ. ఒక్కడే మనుష్యుడు నేర్పుట మేలు. నేలమీదనుండియే పగ్గము పట్టి నడచుట, నిలుచుట, వెనుకకు జరుగుట దినమునకు ఇరువది నిమిషములు నేర్పుడు. అవి కుదిరిన పిమ్మట జీను వేసి, నడుముపట్టీని కొంచెము కొంచెముగా బిగించుడు. తరువాత రికాబుపై బరువు మోపి దిగుడు. కదలక నిలిచిన తరువాతనే ఎక్కుడు. చెప్పినది చేసిన తక్షణమే పగ్గము వదలుటయే దానికి బహుమానము. ఆలస్యముగా కొట్టిన దెబ్బ దేనికో గుఱ్ఱమునకు తెలియదు. భయము మాత్రము మిగులును.

దౌడు తీయునపుడు రెండు పగ్గములును కలిపి లాగక, ఒకదానితో మెల్లగా పెద్ద వలయమునకు త్రిప్పుడు. ముందుకాళ్ళు లేపి నిలుచు గుఱ్ఱము వెనుకకు పడి రౌతును చంపగలదు. దాని జోలికి క్రొత్తవారు పోరాదు, అనుభవజ్ఞుని పిలువుడు. ఎక్కువారెల్లరు తలకు గట్టి టోపీ ధరింపవలెను.

ఇక కొనబోవువారికి ఒక మాట. అమ్మువానినే మీయెదుట జీను వేసి, ఎక్కి, నడపి, దిగి చూపుమనుడు. గ్లాండర్స్ వ్యాధి మనుష్యులకును సోకును గనుక పశువైద్యునిచే రక్తపరీక్ష చేయింపక సొమ్ము చెల్లింపకుడు.